బాదం ముద్దలో నేను కలిపింది

ఇన్నేళ్ళుగా గుండెల మీద ఒక బరువు మోస్తున్నాను. కాలు నొప్పి అంటే కాపడం పెడతారు, తలనొప్పి అంటే తైలం రాస్తారు. దీనికి ఎవరిని అడగను? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. విని తిట్టుకోండి, ఫరవాలేదు. జాలి మాత్రం పడకండి. నాకది గిట్టదు.

మాది రాజపాళయం. రుక్కు మా చిన్నాన్న కూతురు, నాకంటే ఒక ఏడు చిన్నది. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పడుకుని పెరిగాం. మా మేనత్త కొడుకు మిల్లులో గుమాస్తా. మా ఇద్దరికీ బావే. మా వాళ్ళలో మేనరికానికి పెద్దపిల్లకే ముందు హక్కు. అంటే నాకు. చిన్నప్పటి నుంచీ బావ పేరు పెట్టే నన్ను ఆట పట్టించారు, నేనూ నమ్మాను. తీరా పెళ్ళి మాట వచ్చేసరికి బావ రుక్కును చేసుకుంటానన్నాడు. అది తెల్లగా ఉంటుంది, నేను నలుపు. అంతే సంగతి. మా నాయన సరేనన్నాడు. మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

నిశ్చితార్థం దగ్గర పడ్డప్పుడు అత్త మదురై నుంచి బాదంపప్పు తెప్పించి తీసుకువచ్చింది. ఆ రోజుల్లో మా ఇళ్ళలో బాదం అంటే మాటలా! మా అవ్వ పెట్టెలో పెట్టి తాళం వేసేది. పసిబిడ్డకు చనుబాలతో రాతి మీద అరగదీసి నాకించేది. దీపం మీద కాల్చి కాటుక చేసేది. పరీక్షలకు పోయే మగపిల్లలకు, చదివింది గుర్తుండాలని, నానబెట్టి తినిపించేది. ఆడపిల్లలకైతే పాలతో నూరి మొహానికి పూత. తినడానికి కాదు సుమా, పూతకే. అత్త ఆ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది.

“పెద్దదానివి, నీ చేత్తోనే నూరి దానికి పుయ్యమ్మా. నిశ్చయం నాటికి మొగం తళతళా ఉండాల.”

నా చేతిలోనే! ఇంట్లో ఇంకెవరూ లేనట్టు. ఆవిడ నన్ను పొడవాలని అన్నదా, మంచితనం కొద్దీ అన్నదా? ఇప్పటికీ నాకు అర్థం కాదు. అర్థమైతే మాత్రం ఏం ఒరుగుతుంది?

చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి గింజ మీరు చూసే ఉంటారు. మా వైపు సేరాంకొట్టె అంటారు. దాని రసం గుడ్డ మీద పడితే ఎంత ఉతికినా పోదు, ఒంటి మీద పడితే పొంగి పుండవుతుంది. అవ్వ మందుల డబ్బాలో ఆ గింజలు ఉండేవి. నేను బాదం నానబెట్టాను, తోలు తీశాను, పాలు పోసి వెన్నలా నూరాను. నా చేతులకు దట్టంగా నూనె పట్టించుకుని, అందులో ఆ రసం కలిపాను. నలుపు తెలియకుండా పసుపు కాస్త ఎక్కువే వేశాను. కోపంలో చేశానని చెప్పుకోవచ్చు. అబద్ధం. కోపంలో చేసేదానికి పసుపు ఎక్కువ వేయాలని తోస్తుందా?

పూస్తుంటే రుక్కు కళ్ళు మూసుకుని, “సల్లగా ఉంది అక్కా” అంది. కళ్ళ దగ్గరికి మాత్రం రానివ్వలేదు నేను. కళ్ళు పోకుండా చూశానని చాలా ఏళ్ళు నన్ను నేనే మెచ్చుకున్నాను. చూశారా నా దయ!

మర్నాటికి దాని మొహం ఉబ్బిపోయి బొబ్బలెక్కింది. అమ్మవారు పోసిందని ఎవరో వేపాకు తెచ్చారు. అవ్వ దాని దగ్గరికి వచ్చి చూసి, పూత పూసినంత మేరకే బొబ్బలున్నాయని కనిపెట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ అవ్వ, బాదం వేడి చేసింది, దీని ఒంటికి పడలేదు అని తేల్చేసింది. ఇక ఊరంతా అదే మాట. రుక్కు కూడా అదే నమ్మింది.

ఆ పూట చాకలామె మాసిన బట్టల కోసం వచ్చింది. ఆ గింజతో రోజూ పనిచేసే మనిషి. రుక్కును ఒక్కసారి చూస్తే చాలు, ఏమైందో చెప్పేస్తుంది. ఏం రాస్తే మానుతుందో కూడా ఆమెకు తెలుసు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఈ రోజు బట్టలు లేవు పొమ్మన్నాను. లోపల రుక్కు మూలుగుతోంది. ఎవరికి బాగాలేదని ఆమె అడిగింది. అందరం బాగానే ఉన్నామన్నాను. నా గొంతు కాస్తయినా వణకలేదు.

బొబ్బలు చీము పట్టాయి. మానిన చోటల్లా నల్లటి మచ్చలు, గుంటలు మిగిలాయి. బావ వచ్చి, గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోయాడు. పెద్దది ఉంది కదా అన్నారు మా వాళ్ళు. ఉన్నాను మరి, ఎక్కడికి పోతాను! నా మెళ్ళో తాళి కట్టాడు. పెళ్ళిలో రుక్కు కొంగు అడ్డం పెట్టుకుని మాకు పాలు, పండ్లు తెచ్చి ఇచ్చింది. అప్పుడు నేను సంతోషంగా ఉన్నానా? ఉన్నాను. చాలా సంతోషంగా ఉన్నాను.

తర్వాత రుక్కును మంసాపురంలో ఒక రెండో పెళ్ళివాడికి ఇచ్చారు. మొదటి భార్య పిల్లల్ని పెంచింది. దాని కడుపున ఏదీ కాయలేదు.

ఇంతవరకు చేసింది కన్నెపిల్ల కుళ్ళు అనుకుందాం. ఆ తర్వాతి దానికి ఆ సాకు కూడా లేదు. నాకు కూతురు పుట్టింది. రుక్కు బస్సెక్కి చూడ్డానికి వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. మా అమ్మ రాతి మీద బాదం అరగదీసి బిడ్డ నోటి దగ్గర పెట్టబోయింది. రుక్కు ఒక్క ఊపున వచ్చి ఆ చేతిని తోసేసింది.

“వద్దు అక్కా, పొయ్యనీకు! మన ఒంటికి బాదం పడదు. నా మొగం చూసినావు కదా?”

“నీకు పడలేదు. నా బిడ్డకు పడుతుంది.”

“ఎట్ల తెలుసు అక్కా నీకు? అంత ధైర్యంగా ఎట్ల చెప్తావు?”

అందరూ నా వైపు చూశారు. దాని కళ్ళలో నీళ్ళు. నా బిడ్డను కాపాడాలని వణికిపోతోంది పిచ్చిది. చెప్పేయవచ్చు. నాకు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వాకిట్లో ఆయన నిలబడి ఉన్నాడు.

“నీకు బిడ్డ లేదు, అందుకే నా బిడ్డ మింద కన్ను. ఆ మొగం వేసుకోని నా బిడ్డ దగ్గరికి రావద్దు. లేచి పో.”

రుక్కు కొంగు సర్దుకుంది. “శరి అక్కా” అంది. ఎండలో నడిచి బస్సు స్టాండుకు వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు.

కానీ మంసాపురం నుంచి ఎవరు వచ్చినా అడిగి పంపుతుంది, బిడ్డ మొహం బాగుందా అని. బాగుందని చెప్పి పంపుతాను. నిజంగానే బాగుంది. బాదం పాలు తాగి చక్కగా పెరిగింది. ఆ మాట విని అది దేవుడికి దణ్ణం పెట్టుకుంటుందట.

దానికి వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు మీరు. మంసాపురం ఎంత దూరం గనక! చెప్పను. చెప్తే ఆయనకు తెలుస్తుంది. ఆయన ఒక్కసారి దాని వైపు చూస్తాడు, ఆ తర్వాత నా వైపు చూస్తాడు. అది నావల్ల కాదు. దాని మొహం పోయినా, దాని పేరు పోయినా, ఆయన్ని మాత్రం నేను వదలను. ఇప్పుడైనా వదలను.

అందుకే మీకు చెప్పాను. రాస్తుంటే చెయ్యి నొప్పి పుట్టింది గానీ, గుండెలో మాత్రం కాస్త గాలి ఆడుతోంది. బాదం ఏ పాపం చేయలేదు, రుక్కూ. నేనే చేశాను.