గోళీలు అయ్యేదాక గొలుసు

నాట్ల రోజులొస్తే మా దవాఖాన వరండా నిండా బురద మడి వాసనే. పని మధ్యలో పిల్లల్ని ఎత్తుకొని వచ్చే తల్లుల కాళ్ల వెంట అది లోపలికి వస్తుంది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా చేయి దానంతటదే చెంప మీదికి పోతుంది, ఎవరో చరిచినట్టు. చరిచింది యాదగిరి సారు, చేత్తో కాదు, మాటతో. పేరు ముందు డాక్టరని రాసుకొని ఆరేళ్ల పిల్ల ప్రాణం మీదికి తెచ్చిన నాలాంటి మూర్ఖుడికి ఆ మాత్రం తగిన మర్యాదే.

ఇబ్రహీంపట్నంలో సారు నడిపిన పిల్లల దవాఖానలో నేను కొత్తగా చేరిన వానాకాలం. సత్తెమ్మ అనే నాట్ల కూలీ మనుమరాలు స్వప్నను తీసుకొచ్చింది. పిల్లకు జ్వరం, ఒకవైపు చెంప చెవి కిందినుంచి ఉబ్బింది. మెడలో సత్తెమ్మ కోడలి సన్నటి బంగారు గొలుసు. బంగారం వేస్తే గవదల వాపు దిగుతుందని మావాళ్ల నమ్మకం. నేను నవ్వాను.

"గవదబిళ్ళలే అవ్వా, అవే తగ్గుతయి. ముందు గా గొలుసు తీసి పెట్టెల పెట్టుకో."

బంగారం మీద జోకు వేసి, బంగారంలాంటి పిల్లను పంపేశాను. గవదబిళ్ళలన్న నోటితోనే మందుబిళ్ళలు మింగమని చెప్పాల్సి వస్తుందని అప్పుడు తెలియదు.

వారం దాటాక మళ్లీ వచ్చారు. చెంప ఎర్రగా కాగుతోంది, పిల్ల నోరు తెరవలేకపోతోంది. సారు నన్ను జరిపి, స్వప్న పక్కన కూర్చున్నారు.

"ఏం ఆట ఆడ్తవ్ బిడ్డా?"

పిల్ల బదులు సత్తెమ్మే చెప్పింది. "నేను నాటేస్తుంటె మడిల బురదతోని ఇండ్లు కడ్తది సారు. దూపైతె గా నీళ్లే తాగుతది."

సారు నావైపు తిరిగారు. "మస్తు చదివినవ్ డాక్టరు. చెంపను చూసినవ్, పిల్లను చూడలే."

చీము తీసి హైదరాబాద్‌లోని ల్యాబుకు పంపారు. మామూలు క్రిమే అని పక్కన పడేస్తారేమోనని, మడిలో ఆడే పిల్ల అని ఫోన్ చేసి మరీ చెప్పారు. అది మెలియాయిడోసిస్. తడి మట్టిలో, నిలిచిన నీళ్లలో బతికే సూక్ష్మజీవి పుండులోంచో నోట్లోంచో ఒంట్లోకి చేరుతుంది. రక్తంలోకి పాకితే ప్రాణం తీస్తుంది.

పెద్ద దవాఖానలో వారాలపాటు సూదులు వేయించుకొని స్వప్న తిరిగొచ్చింది. ఇక నెలల తరబడి గోళీలు మింగాలి, నడుమ ఆపితే జబ్బు తిరగబెడుతుంది. సత్తెమ్మకు అది నచ్చలేదు.

"తింటది, ఆడ్తది. ఇంకెందుకు సారు గోళీలు? మింగమంటె ఏడుస్తది."

నేను సూక్ష్మజీవుల మీద ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను. సారు చేయెత్తి ఆపారు.

"గొలుసు ఎప్పుడు తీస్తవ్ అవ్వా?"

"తగ్గినంక."

"ఆఖరి గోళీ మింగిన నాడే తగ్గినట్టు. గందాక తియ్యకు."

"నేనెందుకు తీస్త సారు," అంది సత్తెమ్మ, పిల్ల మెడలోని గొలుసును సర్దుతూ.

ఆమె వెళ్లాక ఉండబట్టలేక అన్నాను, "మూఢనమ్మకానికి మీరు గూడ సై అంటిరి గద సార్."

"నువ్వు గొలుసును చూసి నవ్వినవ్. గందుకే జ్వరం దిగకున్నా వారం దాక ఆమె నీ మొకం చూడలే," అన్నారు సారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

గొలుసు ఉంది, గోళీలు పడ్డాయి. చివరి గోళీ మా ముందే మింగించి, సత్తెమ్మ తన చేతులతో గొలుసు తీసింది. స్వప్న చెవి కింద చిన్న గీత మాత్రం మిగిలింది. నాకు మిగిలింది ఒక అలవాటు. పిల్ల మెడలో తాయెత్తున్నా, చేతికి తాడున్నా తియ్యమనను. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో అడుగుతాను. సగం జబ్బు అక్కడే తెలుస్తుంది.

సారు ఇప్పుడు దవాఖాన మానేసి కందుకూరు దగ్గర వరి వేస్తున్నారు. ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్. పెద్దవాళ్లలో ఈ క్రిమికి షుగరున్నవాళ్లంటే మరీ ప్రీతి. అయినా వట్టి కాళ్లతోనే మడిలోకి దిగుతారు. నిరుడు రబ్బరు బూట్లు కొనిస్తే, "భూమితల్లి మీద బూట్లేసుకొని నడుస్తరా?" అని వాటిని కోళ్ల గూటి మీద పెట్టేశారు. నేను వాదించలేదు. సత్తెమ్మను కలిశాను, సారు పొలంలో నాటేసేది ఆమె ముఠానే.

నాట్ల పొద్దున సారు ఫోన్ చేశారు.

"ఏంది డాక్టరు గిది? ఆడోళ్లంత ఒడ్డు మీద కూసున్నరు. నేను బూట్లేసుకుంటేనే నారు ముడ్తరంట."

వెనకనుంచి సత్తెమ్మ గొంతు వినిపించింది. "మా పిల్ల పడ్డ గోస సూసినం సారు. నీది గూడ సూడమంటవా?"

"ఏసుకోండి సార్, నారు వాడిపోతది," అన్నాను.

రబ్బరు బూటు బురదలో దిగిన చప్పుడు వినిపించేదాకా నేను ఫోన్ పెట్టలేదు.