బురుల్చా అల్లిన మొదటి భాగం

నారిన్ కొండల్లో ఓ ఊరి గ్రంథాలయాన్ని బురుల్చా ఇరవై ఆరేళ్లు ఒంటిచేత్తో నడిపింది. వేసవి వచ్చిందంటే ఊరు ఊరంతా మందలు తోలుకుని పైనున్న పచ్చికబయళ్లకు తరలిపోయేది. తలుపు తీసి కూర్చున్నా పలకరించే దిక్కుండదు. అందుకని ఆమె రెండు సంచుల పుస్తకాలు గుర్రం మీద వేసుకుని తనే పైకెళ్లేది. గుడారం గుడారానికీ తిరిగి, ప్రతిచోటా పులిసి మత్తెక్కించే గుర్రప్పాలు, అదే కుమిస్, గిన్నెడు తాగక తప్పక, దిగివచ్చేసరికి కళ్లు మూతలు పడుతుండేవి.

పిల్లలు ఎగబడేది ఒక్క పుస్తకానికే. డ్రాగన్ మెడ మీదెక్కి మంచుకొండలు దాటే అమ్మాయి కథ. గ్రంథాలయానికి చేరింది రెండో భాగం మాత్రమే. మొదటి పేజీకే డ్రాగన్ ఎడమ రెక్క కాలిపోయి ఉంటుంది. ఎలా కాలిందో, ఆ అమ్మాయికి అదెలా మచ్చికైందో అందులో లేదు.

కాపరి తుర్దకున్ మనవరాలు ఊల్కాన్ ఆ ప్రశ్న పట్టుకుని వదల్లేదు. పదేళ్ల పిల్ల, తల్లి మాస్కోలో పనికి వెళ్లి మూడేళ్లయింది. తెలియదని బురుల్చా రెండుసార్లు చెప్పింది. మూడోసారి ఎందుకో, మొదటి భాగం తాను చదివానంది. అక్కడితో ఆగలేకపోయింది. ఏట్లో కొట్టుకొచ్చిన గుడ్డు, దాన్ని గొర్రె ఉన్నిలో పొదిగిన అమ్మాయి, వెతుక్కుంటూ వచ్చిన తల్లి డ్రాగన్, దాని ఊపిరి సోకి మాడిన పిల్ల రెక్క, ఆ బాధ చూడలేక కొండల వెనక్కి వెళ్లిపోయిన తల్లి... వేసవంతా వారానికింత చొప్పున చెప్పింది. తుర్దకున్‌కు మాత్రం ఈ కథ మింగుడుపడలేదు.

"గొర్రెల్ని మింగేదాన్ని పెంచుకోవడమేంటమ్మా? మా తాత కథల్లో అయితే నరికేసేవాళ్లు."

"మీ తాత కథల్లో వీరులుండేవాళ్లు ఆకే," పెద్దన్నను పిలిచినట్టు పిలిచి అంది బురుల్చా. "ఇందులో ఉన్నది చిన్నపిల్ల."

"పిల్లయితే? రేపు మందకి జవాబెవరు చెప్తారు?"

మరుసటి వసంతంలో రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన పుస్తకాల కట్టలో అసలు మొదటి భాగం ఉంది. బురుల్చా నిలబడే చదివేసింది. గుడ్డు లేదు, తల్లి లేదు. రెక్క ఏదో కోట ముట్టడిలో కాలింది. పుస్తకాన్ని సొరుగులో పడేసి పదకొండు రోజులు దానివైపు చూడలేదు. కానీ పిల్లలకు అందకుండా పుస్తకం దాచిన పాపం అంతవరకూ ఎరగదు. కొండెక్కిన మొదటిరోజే తీసుకెళ్లి ఊల్కాన్ చేతిలో పెట్టింది.

వారం తర్వాత ఆ పిల్ల గుర్రానికి ఎదురొచ్చి నిలబడింది.

"ఎజే," అక్కా అన్నట్టు పిలిచింది, "ఇందులో తల్లి డ్రాగన్ లేదు."

"లేదు తల్లీ."

"మరి మీరు చదివిందేది?"

"నేనేదీ చదవలేదు. నీకు చెప్పిందంతా నేనల్లిందే. చదివానని అబద్ధమాడాను."

ఊల్కాన్ పుస్తకం ఇచ్చేసి గుడారంలోకి వెళ్లిపోయింది. ఆ పైవారం కూడా బయటికి రాలేదు. తుర్దకున్ కుమిస్ పోస్తూ, అలిగింది, వదిలెయ్యమన్నాడు. బురుల్చాకు ఆ గిన్నె ఖాళీ చేయబుద్ధి కాలేదు.

మూడో వారం వాగు దగ్గర ఆ పిల్లే ఆపింది.

"మీరల్లిందే అయితే, వెళ్లిపోయిన తల్లిని మళ్లీ రప్పించొచ్చుగా?"

బురుల్చా గుర్రం దిగింది. వెంటనే ఊ అనడం తేలికే. కానీ ఇంకో అబద్ధం చెప్పదల్చుకోలేదు.

"రప్పించొచ్చు. ఎప్పుడొస్తుందో నాకింకా తెలీదు. తొందరపడి రాసేస్తే నువ్వే నమ్మవు."

ఊల్కాన్ గుర్రం కళ్లెం అందుకుంది. "అయితే మీరు రాస్తూ ఉండండి. నేను అడుగుతూ ఉంటా."

కథంతా రాయడానికి రెండు చలికాలాలు, మూడు నోటుబుక్కులు పట్టాయి. తల్లి డ్రాగన్ పదహారో అధ్యాయంలో తిరిగొచ్చింది. తిన్న గొర్రెలకు బదులుగా మందను తోడేళ్ల నుంచి కాసింది. ఆ మాట రాయించేదాకా తుర్దకున్ ఊరుకోలేదు. ఊల్కాన్ తల్లి కూడా ఓ శరత్కాలంలో నెలరోజులు వచ్చి ఉండి వెళ్లింది. ఆ నెలంతా కూతురు ఆ నోటుబుక్కులు ఆమెకు బిగ్గరగా చదివి వినిపించింది.

బురుల్చా ఉద్యోగం మానేశాక ఆమె స్థానంలో వచ్చిన అమ్మాయి ఆ నోటుబుక్కులకు అట్టలు వేయించి, నంబర్లు అంటించి, డ్రాగన్ కథల వరసలోనే పెట్టింది. పిల్లల చేతుల్లో పడి ఆ అట్టలు ఇప్పటికే రెండుసార్లు చిరిగాయి.