బురదకు పైవైపు

ఒరేల్ జెర్వే పట్టిన చేప సంగతి నికెల్ గనుల ఊరు సడ్‌బరీలో తెలియనివాళ్ళు లేరు. మంచులో తవ్విన కన్నంలోంచి దాన్ని బయటికి లాగేసరికి బోదే సరస్సులో నీళ్ళు జానెడు దిగిపోయాయనీ, అవతలి ఒడ్డున పడవలన్నీ బురదలో కూలబడ్డాయనీ ఆయన చెప్తాడు. గడ్డకట్టిన సరస్సులో పడవలు ఎందుకున్నాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే దానికీ ఒక కథ ఉంటుంది, అది చేప కన్నా పొడుగు.

అలాంటి మనిషి కూతురు మిరేయ్. ఆమెకు అబద్ధం ఆడడం రాదు. ఆడబోతే చెవులు ముందే ఎర్రబడతాయి. కానీ మంచి కథ ఎదురైతే చాలు, అన్నం మానేసి వింటుంది. ఇది మాత్రం తండ్రి పోలిక.

ఆమె చదివేది భూమి, పర్యావరణ శాస్త్రాల్లో అంతర్జాతీయ మాస్టర్స్. పేరు చదివేలోపే సగంమంది చదువు మానేసేంత పొడుగు. తరగతిలో ఘనా నుంచి ఒకడున్నాడు, పెరూ నుంచి ఇద్దరున్నారు, కజకిస్థాన్ నుంచి సౌలె ఉంది. అందరూ సముద్రాలు దాటి, సామాన్లు పోగొట్టుకుని, విమానాశ్రయాల్లో బెంచీల మీద పడుకుని వచ్చినవాళ్ళు. మిరేయ్ మాత్రం సిటీ బస్సులో వచ్చింది. వాళ్ళంతా వేల మైళ్ళు దాటి వచ్చి చదివేది ఆమె పెరటినే. నల్లబడిన బండలు, నికెల్ కొలిమి పొగ తాగిన సరస్సులు, ఆ తర్వాత మనుషులు చేత్తో నాటిన చెట్లు. తరగతిలో ఎవరైనా తమ ఊరి నది గురించో ఎడారి గురించో చెప్తుంటే ఆమె నోరు మెదపదు. తనకు చెప్పడానికి వేరే ఊరు లేదు.

రెండో ఏడు ఫిన్లండ్‌లో చదవొచ్చు. కాకపోతే ఈసారి అక్కడి ప్రయోగశాలలో ఒక్కరికే చోటు. మిగతావాళ్ళు సడ్‌బరీలోనే ఉండి పూర్తి చేసుకోవాలి. పట్టా ఒకటే, మర్యాదా ఒకటే. అయినా మిరేయ్‌కి ఆ చోటు కావాలి. ఆకలేసినవాడికి అన్నం కావాల్సినంత గట్టిగా కావాలి. వసంతంలో జరిగే సమావేశంలో అందరూ తమ పని గురించి మాట్లాడతారు, విన్నాక ముగ్గురు పెద్దలు నిర్ణయిస్తారు. ఆ ముగ్గురిలో ఒకరు ఆమెకు పని నేర్పుతున్న హారియెట్ టోల్వనెన్.

అందుకే ఫిబ్రవరిలో మిరేయ్, సౌలె ఇద్దరూ మంచుబండి వేసుకుని బోదే సరస్సు మధ్యకి పోయారు. లోపల బోలుగా ఉండే ఇనప పలకలో పొగలు కక్కే డ్రై ఐస్ నింపి, కన్నంలోంచి తాడుతో అడుగుకి దింపుతారు. అడుగున ఉన్న బురద ఆ పలకకి అతుక్కుని గడ్డకడుతుంది. పైకి లాగితే ఏడాదికొక పొర చొప్పున వందేళ్ళ బురద, కేకు ముక్కలా, చేతిలోకొస్తుంది. ఆ బురదని అడ్డంగా పైముక్క, అడుగుముక్కగా కోసి, వెండిలా మెరిసే అల్యూమినియం రేకులో చుట్టి, ఆకాశం వైపు ఏదో తెలిసేలా రేకు మీద బాణం గుర్తు వేస్తారు. ఈ విద్యలో తొలిపాఠం అదే. పైవైపు తప్పితే చరిత్ర తలకిందులవుతుంది.

ఆ రోజు గాలి ఎలా ఉందంటే, సౌలె తుమ్మితే ఆ తుమ్ము పక్క జిల్లాలో దిగింది. చేతులు కొంకర్లు పోయి ఇద్దరూ చేపలు పట్టడానికి ఒరేల్ మంచు మీదే వేసుకున్న గుడిసెలోకి దూరారు. ఆయన పొయ్యి మీద బఠాణీ సూపు పెట్టి సౌలెకి చేప కథ మొదలుపెట్టాడు. పైముక్క రేకు మీద బాణం మంచు తగిలి చెరిగిపోయి ఉంది. మిరేయ్ పెన్సిలు తీసుకుని, తండ్రి కథకి నవ్వుతూనే, దాన్ని మళ్ళీ గీసింది. జ్ఞాపకం మీద గీసింది.

ఏప్రిల్‌కి లెక్కలు తేలాయి. అడుగుముక్కలో నికెల్ పైకి పోయేకొద్దీ పెరిగింది. అది అందరికీ తెలిసిన పాత పాపం. పైముక్క దగ్గరికి రాగానే గోడ మీంచి దూకినట్టు ఒక్కసారిగా పడిపోయింది. అక్కణ్ణుంచి ఇవాళ్టి దాకా మళ్ళీ ఎక్కుతూనే ఉంది. అంటే సరస్సు ఒకసారి కోలుకుని మళ్ళీ జబ్బు పడుతోంది. కారణం కూడా మిరేయ్‌కి దొరికింది. ఎండలు ముదిరి చుట్టూ ఉన్న చిత్తడి నేలలు ఆరిపోతున్నాయి, వాటిలో ఎప్పటినుంచో దాగిన విషం వానలకి కొట్టుకొస్తోంది. అలా జరగడం అసాధ్యమేమీ కాదు. పైగా మంచి కథ.

హారియెట్ ఆ లెక్కలతో వేసిన గ్రాఫు గీతని చాలాసేపు చూసి, ఇంత నిట్టనిలువుగా పడిందేమిటని మాత్రం అడిగింది. కొలిమి పొగ తగ్గించిన ఏడాది అయ్యుంటుందని మిరేయ్ చెప్పింది. పొరల వయసు కట్టడానికి పంపిన ముక్కల ఫలితం ఇంకా రాలేదు. సమావేశానికి అది అందదు. అయినా ఆ గీత ముందు మిగతావాళ్ళ పని చప్పగా కనిపించింది. సీటు మిరేయ్‌దేనని పెరూ వాళ్ళు ముందే అభినందించేశారు. ఘనా అబ్బాయి ఫిన్లండ్ చలికి పనికొస్తుందని తన ఉన్ని టోపీ ఇవ్వబోయాడు. చలి గురించి సడ్‌బరీ పిల్లకి చెప్పడం, చేపకి ఈత నేర్పడంలా ఉంది.

ఒక్క ఒరేల్ మాత్రం చప్పబడిపోయాడు. ఆయన బతుకంతా ఆ కొలిమిలోనే గడిచింది. పొగ తగ్గించే మరమ్మతుల్లో తనూ చెయ్యి వేశాడు. సరస్సు బాగుపడడం ఆయన కథలన్నిటిలోకీ నిజమైన కథ. కూతురు గీత చూపించాక డోనట్ల కొట్టులో చేప కథ చెప్పమని స్నేహితులు అడిగితే, గొంతు బాగాలేదన్నాడట. వాళ్ళు కంగారుపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తామన్నారు.

సమావేశం ఇంకో రెండు రోజులుందనగా, మధ్యాహ్నం, ప్రయోగశాలలో మిరేయ్ పైముక్కలో ఒక మందపాటి పొరని తన ప్రసంగంలో చేర్చాలనుకుంది. ఏదో ఏటి వరద తెచ్చిన పొర అది, బొటనవేలంత లావు. దాని స్వభావం మాటల్లో రాయడానికి ఈ విద్య చదివేవాళ్ళంతా చేసే పనే ఆమె కూడా చేసింది. రవ్వంత బురద తీసి ముందు పళ్ళ మధ్య పెట్టి కొరికింది. కరకరమంటే ఇసక, వెన్నలా జారితే బంకమన్ను. నికెల్ సరస్సు బురద నోట్లో పెట్టుకోకూడదని గోడ మీద బొమ్మతో సహా రాసి ఉంది. దాని కిందే నిలబడి కొరుకుతారు.

వరదొస్తే ముందు బరువైన ఇసక దిగుతుంది, మెత్తని మన్ను తీరుబడిగా దాని మీద పడుతుంది. కాబట్టి కింద కరకర, పైన వెన్న. మిరేయ్ పొర కింద నుంచి ఒక రవ్వ తీసింది. వెన్న. పై నుంచి ఇంకో రవ్వ తీసింది. పళ్ళు జివ్వుమన్నాయి.

పక్క బల్ల మీద సౌలె తల ఎత్తింది. "ఏంటి, మొహం అలా పెట్టావ్?"

"నువ్వొకసారి కొరుకు."

సౌలె కొరికింది. రెండోసారీ కొరికింది. తర్వాత బాణం వైపు చూసింది. ఇద్దరికీ గుడిసె, సూపు, గాలి గుర్తొచ్చాయి. పైముక్క తలకిందులుగా ఉంది. దాన్ని తిప్పి పెడితే గోడ మీంచి దూకినట్టున్న ఆ పతనం మాయమైపోతుంది. నికెల్ పెరిగి, శిఖరం ఎక్కి, ఇవాళ్టి దాకా మెల్లగా దిగుతూ వస్తుంది. సరస్సు బాగుపడుతోంది. ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పే సంగతే అది. దాని కోసం ఎవరినీ ఫిన్లండ్ పంపనక్కర్లేదు.

"వయసు ఫలితాలు జూన్‌లో గానీ రావు," అంది మిరేయ్, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "అప్పుడు బయటపడితే, అప్పుడే తెలిసిందనొచ్చు."

సౌలె చేతులు కడుక్కోవడానికి లేచింది.

"ఏం చెయ్యమంటావే?" అని అడిగింది మిరేయ్.

"నన్నడక్కు. ఆ చోటు నాకూ కావాలి, నేనేం చెప్పినా నా కోసం చెప్పినట్టే ఉంటుంది." కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, సౌలె బయటికి వెళ్ళిపోయింది.

మిరేయ్ ఆ ముక్క ముందు కూర్చుంది. చెప్పడమా మానడమా అన్నది ఆమెని అంత బాధపెట్టలేదు. చెప్పకుండా ఉండలేనని ఆమెకు తెలుసు, చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి. బాధపెట్టింది వేరే. ఇన్ని వారాలుగా తను పుట్టిన ఊరి సరస్సు జబ్బు పడిందని నమ్మి, ఒక్క రాత్రి కూడా దిగులుపడలేదు. హాయిగా నిద్రపోయింది. సరస్సు ఎంత చెడితే తన దారి అంత బాగుంటుందన్న లెక్క లోపల ఎక్కడో నడిచింది. గీత నిట్టనిలువుగా పడినప్పుడు హారియెట్ అడిగింది, తను అడగలేదు. తండ్రి చేప కథలో పడవల గురించి ఎవరూ అడగనట్టే.

సమావేశంలో ఆమె రెండు గీతలూ చూపించింది. మొదటిది తప్పనీ, బాణం జ్ఞాపకం మీద గీశాననీ, పంటితో కొరికితే తేలిందనీ చెప్పింది. సరిచేసిన గీత మీద ఎక్కువ చెప్పడానికేమీ లేదు. ముగ్గురు పెద్దల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు.

హారియెట్ మాత్రం అడిగింది. "సరిచేసిన గీత ఒక్కటే చూపిస్తే సరిపోయేది కదా మిరేయ్. మొదటిది నేనూ మీ తరగతివాళ్ళూ తప్ప ఎవరూ చూడలేదు."

"మీరు చూశారు కదా, మీరు నమ్మారు," అంది మిరేయ్. "నేను మీకన్నా ఎక్కువ నమ్మాను. ఎందుకు నమ్మానో చెప్పకుండా సరిచేస్తే, వచ్చే చలికాలం మళ్ళీ అలాగే నమ్ముతాను."

చోటు సౌలెకి దక్కింది. ఆమె పని మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు గురించి. నిజంగానే మంచి పని, మిరేయ్‌కి ముందునుంచీ తెలుసు. అభినందించడానికి వెళితే సౌలె ఆమె భుజం పట్టుకుని, "నీ బురద బోర్లాపడినందుకు నేను ఫిన్లండ్ పోతున్నాను. ఈ మాట ఇంట్లో చెప్తే మా అమ్మ సిగ్గుపడి నన్ను పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళదు," అంది. ఇద్దరూ నవ్వారు. ముందు ఆగిపోయింది మిరేయ్ నవ్వే.

ఇంటికెళ్ళి తండ్రికి చెప్పింది. ముక్క తిప్పి పెట్టినట్టు చేత్తో చూపించింది. ఒరేల్ కథేమీ కలపకుండా సూటిగా అడిగాడు. అది ఆ ఇంట్లో కనీవినీ ఎరగని సంగతి.

"అయితే చెరువు బాగానే ఉందంటావా అమ్మడూ?"

"బాగవుతోంది నాన్నా. ఇంకా పూర్తిగా కాలేదు."

"మరి నీ ఫిన్లండ్?"

"లేదు."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఏదో కథ చెప్పబోయి మానుకున్నాడు. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు సర్దసాగాడు, సర్దినవే మళ్ళీ సర్దాడు. సంతోషం కనపడకుండా దాచుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. దాచుకున్నందుకు ఆయన మీద ప్రేమ కలిగింది, సంతోషించినందుకు కోపమూ వచ్చింది.

మే చివర్లో మంచు పూర్తిగా పోయాక ఆమె ఒక్కతే బోదే సరస్సు ఒడ్డుకి వెళ్ళింది. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. మోకాలి దాకా దిగి నిలబడింది. పాదాల కింద ఈ ఏటి పొర అప్పుడే మెత్తగా పడుతూ ఉంది, వేళ్ళు కదిపితే లేచి మళ్ళీ కూర్చుంటోంది. వచ్చే ఏడంతా ఆమె చదవాల్సింది దీన్నే. బస్సు దూరంలో ఉన్నదాన్నే. అక్కడ నిలబడి మిరేయ్ కాసేపు ఏడ్చింది. సరస్సు బాగుపడినందుకు మాత్రం కాదు.