వాటేసుకోని బావ

మా బావ బాక్సింగు ఆడితే అది బాక్సింగులా ఉండదు. రెండు గుద్దులు గుద్దుతాడు, ఆయాసం రాగానే ఎదుటివాణ్ణి వాటేసుకుంటాడు. రిఫరీ వచ్చి విడదీస్తాడు. మళ్లీ రెండు గుద్దులు, మళ్లీ వాటేసుకోవడం. నాకు ఒళ్లు మండి, "ఇదేం ఆట బావా, ఎదురుకోళ్ల దగ్గర వియ్యంకుళ్లలాగా!" అని అరిచేవాణ్ణి. "రూల్సులో ఉందా లేదా? ఉందిగా. మూసుకుని ఆడు" అనేవాడు.

ఇదంతా ఒక చిన్న గేమింగ్ కన్సోల్ లోపలి సంగతి. పుస్తకమంత తెర, దానికి రెండు పక్కలా రెండు కంట్రోలర్లు. వాటిని ఊడదీసి చెరొకటి పట్టుకుంటే ఇద్దరు ఆడుకోవచ్చు. అందులో నా దగ్గరున్న బాక్సింగు ఆట నిజం బాక్సింగుకి చాలా దగ్గరగా ఉంటుంది. సినిమా ఫైటులా ఎడాపెడా బాదేస్తానంటే కుదరదు. ఊరికే చేతులు విసిరితే దమ్ము అయిపోతుంది, చేతులు కిందికి జారిపోతాయి, ఆ తర్వాత ఊదినా పడిపోతాం. కనుబొమ్మ చిట్లితే రక్తం కంట్లోకి కారుతుంది. ఎడమ కన్ను వాచిపోతే ఆ వైపు నుంచి వచ్చే దెబ్బ సరిగ్గా కనపడదు. నేను రేపల్లెలో ఒక కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేస్తాను కాబట్టి, ఈ వాచిన కన్ను వ్యవహారం నాకు మొదటిరోజే తెగ నచ్చింది.

నలభై దాటిన మగాడికి ఈ ఆటలేంటని మీరు అనుకోవచ్చు. అనుకోండి, నాకేం. నేనుండేది తెనాల్లో, మేడ మీద ఒక గదిలో. పెళ్లి కాలేదు. సంబంధాలు వచ్చాయి, పోయాయి, ఆ కథంతా ఇప్పుడు ఎందుకు. పొద్దున రేపల్లె ప్యాసింజరు ఎక్కుతాను, సాయంత్రం అదే బండిలో వెనక్కి వస్తాను. పగలంతా షాపులో వాగుతూనే ఉంటాను. "ఇప్పుడెలా ఉందండి? ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" గది తాళం తీసి లోపలికి వెళ్లానంటే మళ్లీ పొద్దున్న టీ కొట్టు దగ్గరే నా గొంతు నాకు వినపడేది. అమ్మానాన్నా ఎప్పుడో పోయారు. ఉన్నదొక్క అక్క. ఆమెని బాపట్ల ఇచ్చారు. బావది అక్కడ చిన్న బట్టల షాపు. చీరాల నుంచి సరుకు తెచ్చి అమ్ముతాడు.

నిజం చెప్పాలంటే, బావకీ నాకూ మొదట్లో పడేది కాదు. అక్క పెళ్లైన కొత్తలో పెట్టుపోతల దగ్గర ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. అప్పట్నుంచి బాగున్నావా అంటే బాగున్నాననడం, అంతే. తర్వాత అక్కకి జబ్బు చేసి గుంటూరు ఆస్పత్రిలో పెట్టినప్పుడు ఇద్దరం గదిలో ఎదురెదురుగా కూర్చోవాల్సి వచ్చింది. ఏం మాట్లాడుకోవాలి? ఆయన బెడ్‌షీటు అంచు పట్టుకుని నేత ఎలా ఉందో చూస్తూ కూర్చునేవాడు. ఆ కూర్చోవడం చూడలేక ఒకరోజు ఒక కంట్రోలరు ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను.

అక్క మంచం మీంచి చూసి నవ్వింది. "ఇన్నాళ్లకి కొట్టుకోవడానికైనా కలిశారు, సంతోషం" అంది.

ఆ ఆటలో మనకి నచ్చినట్టు బాక్సర్ని తయారు చేసుకోవచ్చు. రంగు, ఎత్తు, ముక్కు, పొట్ట అన్నీ మనిష్టం. ఆ పని అక్క తీసుకుంది. బావని చెయ్యడానికి ఒక పూటంతా పట్టింది. ముక్కు దగ్గరే గంట. "ఇంకొంచెం చప్పిడిగా ఉండాలి ఆయనది" అని మీట నొక్కుతుంది, బావ మొహంకేసి చూస్తుంది, మళ్లీ నొక్కుతుంది. పొట్ట కూడా పెట్టింది. "అదెందుకే?" అని బావ మొత్తుకున్నాడు. "ఉన్నది పెట్టకపోతే మీరని ఎట్లా తెలుస్తుంది?" అంది. నా దగ్గరికొచ్చేసరికి ఓపిక లేదు. కంపెనీవాళ్లు పెట్టిన మొహాల్లో ఒకటి చూపించి, "ఒరేయ్, ఈ చిరాకు మొహం నీకు అతికినట్టు సరిపోయింది" అనేసింది.

అక్క బతకలేదు.

తర్వాత నన్ను పట్టుకున్న భయం ఒక్కటే. అక్క ఉంటేనే కదా ఆయన బావ. అక్క లేకపోతే ఆయన బాపట్లలో బట్టల షాపాయన, నేను తెనాల్లో ఉండే ఒకడు. ఎవరూ రాకూడదనరు, కానీ ఎందుకొచ్చావని నన్ను నేనే అడగాల్సి వస్తుంది. అందుకే ప్రతి ఆదివారం కన్సోల్ సంచిలో వేసుకుని బాపట్ల బండెక్కేవాణ్ణి. ఆడుకోవడానికి వచ్చానంటే ఎవరూ ఏమీ అడగరు. బండి నిండా సూర్యలంక వెళ్లే కుర్రాళ్లు, బిర్యానీ డబ్బాలు, బంతులు, ఒకటే గోల. స్టేషన్లో దిగి వాళ్లందరూ సముద్రం ఆటోలు ఎక్కేవాళ్లు. నేనొక్కణ్ణే ఊళ్లోకి నడిచేవాణ్ణి.

బావా నేనూ అక్క గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆవిడ పోయిన రోజు కూడా ఒకరి భుజం మీద ఒకరం చెయ్యి వేసుకోలేదు. మగాళ్లం కదా, ఏదో బిగుసుకుపోతాం. తెర మీద మాత్రం ఆ పొట్టాయన రౌండుకి పదిసార్లు వచ్చి నన్ను వాటేసుకునేవాడు. పైకి ఎంత తిట్టినా, నేను బాపట్ల వెళ్లింది దానికోసమే. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఒక ఆదివారం మూడో రౌండు మధ్యలో బావ, "ఒరేయ్, నీకొకటి చెప్పాలి" అన్నాడు.

"ఆడుతూ చెప్పు."

"మా పెద్దమ్మ ఒక సంబంధం తెచ్చింది. వాడరేవు దగ్గర్లో. మగ్గాల వాళ్లు. ఆమెక్కూడా భర్త పోయాడు, పిల్లల్లేరు."

నా బొటనవేలు ఆగిపోయింది. తెర మీద ఆయన నన్ను కొడుతూనే ఉన్నాడు, ఆపడం ఇద్దరికీ తోచలేదు.

"చేసుకుందామనుకుంటున్నా. కానీ నువ్వొచ్చి చీర పెడితేనే" అన్నాడు.

మా వైపు కొన్ని ఇళ్లలో ఈ పద్ధతి ఉంది. భార్య పోయినాయన మళ్లీ చేసుకుంటే, పోయినావిడ పుట్టింటివాళ్లు కొత్తగా వచ్చినావిడకి చీర పెట్టి తమ ఆడపిల్లగా చూసుకుంటారు. అక్క పుట్టిల్లంటే ఇప్పుడు మేడ మీది నా గది, అందులో నేను.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మా అక్క కూర్చున్న చోట ఇంకొకామెని కూర్చోబెట్టి, దానికి నాచేతే చీర పెట్టిస్తావా? సిగ్గుండాలి బావా!" అన్నాను. కన్సోల్ సంచిలో కుక్కుకుని చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి వచ్చేశాను. పొన్నూరు దాటాక చూసుకుంటే కంట్రోలరు ఒకటే ఉంది. రెండోది బావ చేతిలోనే ఉండిపోయింది.

దానికోసం వెనక్కి వెళ్లేంత చవట అనుకున్నాడా నన్ను? వెళ్లలేదు. మరుసటి ఆదివారం వెళ్లలేదు, ఆ పై ఆదివారం కూడా వెళ్లలేదు. తెనాల్లో ఆదివారం ఎంత పొడుగ్గా ఉంటుందో అప్పుడు తెలిసింది. మిగతా ఇళ్ల నుంచి కూర వాసనలు వస్తుంటాయి, నన్ను పిలిచేవాళ్లు ఉండరు. ఉన్న ఒక్క కంట్రోలరునే అడ్డంగా పట్టుకుని ఆడటం మొదలుపెట్టాను. ఎదురుగా బావనే ఎంచుకునేవాణ్ణి. ఆయన్ని కంప్యూటరు ఆడిస్తుంది.

అదే పొట్ట, అదే చప్పిడి ముక్కు. కానీ లోపల ఇంకెవడో. వాడికి ఆయాసం రాదు. చాకచక్యంగా పక్కకి తప్పుకుంటాడు, లెక్క ప్రకారం కొడతాడు, దమ్ము తగ్గగానే వెనక్కి జరిగి కాచుకుంటాడు. ఒక్కసారి కూడా వాటేసుకోడు. నేను ఓడిపోతూనే ఉండేవాణ్ణి. ఒక్కోసారి కావాలని చేతులు దించేసి దగ్గరగా వెళ్లి నిలబడేవాణ్ణి, పట్టుకుంటాడేమోనని. దవడ మీద ఒక్కటిచ్చేవాడు. గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఛీ, ఏం బతుకురా ఇది అనుకునేవాణ్ణి.

అలా ఉండగా ఒక సాయంత్రం రేపల్లె నుంచి వస్తూ బండిలో ఆడుతున్నాను. భట్టిప్రోలు దాటింది. నా ఎదురుగా ఒక ముసలావిడ, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు ఏం కలిసొచ్చిందో గానీ డొక్కలో ఒక దెబ్బ సరిగ్గా తగిలింది. బావ మోకాళ్ల మీద కూలబడ్డాడు. తర్వాత పక్కకి ఒరిగిపోయాడు. రిఫరీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తెర మీద ఆయన మొహం దగ్గరగా వచ్చింది. ఒక కన్ను వాచిపోయి మూసుకుపోయింది. అక్క అంత ఓపిగ్గా కుదిర్చిన ముక్కులోంచి రక్తం.

గెలిచానన్న సంతోషం కాసింత కూడా లేదు నాకు.

"లే బావా!" అన్నాను పైకే. "లెయ్యవయ్యా బాబూ, లే!"

ముసలావిడ గబుక్కున ముందుకి వంగింది. "ఏమైంది నాయనా? ఎవరు పడిపోయింది?"

"మా బావండీ" అనేశాను, ఏ లోకంలో ఉన్నానో.

"అయ్యో అయ్యో! పక్కన ఎవరూ లేరా? మీ అక్క ఏది?"

"అక్క లేదండీ. పోయింది."

"అంటే ఒక్కడే ఉంటన్నాడా ఆ ఇంట్లో?" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మరి నువ్వా పెట్టెలో చూస్తా కూర్చున్నావేంటయ్యా! ఫోన్ చెయ్యి ముందు!"

బోగీ అంతా నా వైపు తిరిగింది. ఇది ఆటండీ అని చెప్పడానికి నోరు రాలేదు. ఒక్కడే ఉంటున్నాడా అన్న మాట మాత్రం ఎక్కడో కలుక్కుమంది. ఒంటరిగా ఉన్నది నేనొక్కణ్ణే అన్నట్టు ఇన్నాళ్లూ మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఫోన్ తీసి బావకి కొట్టాను.

"బావా, బాగానే ఉన్నావా?"

"నాకేం, షాపులో ఉన్నా. రైల్లో ఉన్నావా ఏంటి, మోత వినపడతంది."

"లేచాడా?" అంది ముసలావిడ.

"లేచాడండి."

"హమ్మయ్య. పంచదార నీళ్లు కలుపుకుని తాగమను."

ఆవిడ చూస్తోంది, తప్పదు. "బావా, పంచదార నీళ్లు కలుపుకుని తాగమంటున్నారు" అన్నాను.

"నీకేమన్నా మతి పోయిందేంట్రా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ కంట్రోలరు ముక్క నా దగ్గరే ఉంది. వాళ్లకింకా ఏం చెప్పలేదు. నువ్వు రాకపోతే చేసుకోను. అంతే" అన్నాడు.

అంతే అని ఎంత తేలిగ్గా అనేశాడు! నేను వద్దంటే ఆయన ఆ ఇంట్లో అలాగే ఉండిపోతాడు. నాకు బావ మిగులుతాడు. నిజంగానే ఒక్క క్షణం అలా ఉండిపోతే బాగుండుననుకున్నాను. అప్పటికి వేమూరు వచ్చింది.

"చీర ఎక్కడ కొనమంటావ్?" అన్నాను.

"బుద్ధుందా, నా షాపుండగా!"

"పుట్టింటి చీర నీ షాపులో కొంటే అది పుట్టింటిదెట్లా అవుద్ది?"

"అదీ నిజమేలే" అన్నాడు.

తెనాల్లోనే కొన్నాను. పెళ్లి బాపట్లలో ఒక చిన్న గుడిలో, పట్టుమని పాతికమంది కూడా లేరు. బావ పెద్దమ్మ నన్ను ముందుకి తోసింది. చీర ఇచ్చాను. పెళ్లికూతురు రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నదై ఉంటుంది. "అన్నయ్య అనమ్మా" అంది పెద్దమ్మ. పుట్టినప్పట్నుంచీ తమ్ముడిగానే ఉన్నవాణ్ణి, ఎటు చూడాలో తెలియలేదు. బావ ఆమె చేతుల్లోంచే అంచు వేళ్లతో నలిపి చూసి, "పర్లేదు" అన్నాడు. పీటల మీద కూర్చుని కూడా ఆ బుద్ధి పోనిచ్చుకోలేదు మనిషి.

భోజనాలయ్యాక అందరం ఇంటికి వెళ్లాం. కాసేపటికి చుట్టాలు ఒక్కొక్కరే సర్దుకున్నారు. నా బండికి టైమైందని నేనూ లేచి గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్నాను. ఆమె వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"అన్నయ్యా, ఆదివారం వస్తారంటగా. ఏం కూర వండమంటారండీ?"

అక్క పోయాక ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు. వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి అదే మాట అడిగేది అక్క.

"ఏదైనా పర్లేదమ్మా" అన్నాను.

"అట్లా అంటే ఎట్లాగండీ, చెప్పండి."

చెప్పబోయాను. ఇక ఈ గుమ్మంలోకి అక్క రాదన్న సంగతి, కళ్లారా చూసి చేత్తో మట్టి వేసి వచ్చిన సంగతి, అప్పుడు తెలిసింది నాకు. మెట్టు మీద కూలబడి పిల్లాడిలా బావురుమన్నాను. అక్కా అక్కా అని వీధిలో వాళ్లకి వినపడేటట్టు ఏడ్చాను. శ్మశానంలో రాని ఏడుపంతా పెళ్లింటి మెట్ల మీద వచ్చింది.

ఆమె ఊరుకోమనలేదు. లోపలికీ వెళ్లలేదు. తలుపు పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఏంట్రా, వెళ్లలేదా ఇంకా?" అని లోపల్నుంచి బావ గొంతు.

"దొండకాయ" అన్నాను వెక్కుతూనే. "దొండకాయ వేపుడు చెయ్యమ్మా."