ఎడమ డొక్కలో వాత

పంతొమ్మిది వందల అరవైల్లో, నూజెండ్ల దగ్గర మా పల్లెలో, ఒకే వసారాలో ఇద్దరు బాలింతలం పడుకున్నాం. నేను పెద్ద కోడల్ని. పెళ్ళయిన చాన్నాళ్ళకు, చాలా ప్రార్థనల తరువాత నాకు కొడుకు పుట్టాడు. చిన్న కోడలికి పెళ్ళయిన ఏడాదికే పుట్టాడు, అదీ నాకంటే ముందు. వాడు పాలు తాగే చప్పుడు నా మంచం దాకా వినబడేది. గుటక వేసి, ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ తాగేవాడు.

నా కొడుకూ తాగేవాడు. కాసేపటికి కక్కేవాడు. కక్కినవి పాలు కావు, చింతాకు నూరి కలిపినట్టు ఆకుపచ్చటి నీళ్ళు. దొడ్డికి సరిగా అయ్యేది కాదు.

మా తోడికోడలు ఓ పొద్దున, "మావోడి గుడ్డలు ఉతికేవాళ్ళు కూడా దొరకట్లా అక్కా, ఇంట్లో అందరూ ముక్కులు మూసుకుంటన్నారు," అని నవ్వింది. పాపం, మామూలుగానే అంది. నాకు మాత్రం కడుపులో మంట లేచింది. దండెం మీద ఆరేసిన ఆ మరకల గుడ్డలను చూసి కుళ్ళుకున్నాను. ఇంకో ఆడదాని నగను చూసి కూడా నేను ఎన్నడూ అంతగా కుళ్ళుకోలేదు.

మా అత్త ఆముదం పట్టింది. అదీ పచ్చగా బయటికే వచ్చింది. అప్పుడు పక్కవీధి నుంచి వాతలు పెట్టే పెద్దమ్మను పిలిపించారు. ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగిలితే మా వైపు దాన్ని బల్ల అంటారు. పసుపుకొమ్ము కాల్చి దాని మీద వాత పెడితే కరుగుతుందని నమ్మకం. పెద్దమ్మ బిడ్డ పొట్ట తడిమి, ఎడమవైపు పక్కటెముకల కింద వేలు ఆపింది.

"ఇదుగో బల్ల. ఇంత పసిగుడ్డుకి ఇంత బల్ల నేనెన్నడూ చూళ్ళా," అంది.

వాత పడగానే బిడ్డ కెవ్వుమన్నాడు. ఆ కేకకు పక్క మంచంలో వాడు ఉలిక్కిపడి లేస్తే, వాళ్ళమ్మ రొమ్ము అందించింది. వాడు మళ్ళీ నిద్రపోయాడు. నేను గోడవైపు తిరిగాను.

బల్ల కరగలేదు. మర్నాడు బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేకపోయింది. మా ఆయన మా అత్త మాట కాదని బండి కట్టించాడు. వినుకొండలో రైలెక్కి గుంటూరు ఆసుపత్రికి చేరాం.

డాక్టరమ్మ ముందు ఆ వాతనే చూసింది. ఎందుకు పెట్టారని అడిగింది, బల్ల అని చెప్పాం. ఆమె వాత పక్కనే మెల్లగా నొక్కి చూసింది. గుండె వినే గొట్టాన్ని ఎడమ రొమ్ము మీద పెట్టి, తీసి, కుడివైపు పెట్టింది.

"ఇది బల్ల కాదమ్మా, కాలేయం. కుడివైపు ఉండాల్సింది ఎడమవైపు ఉంది. గుండె కుడివైపు కొట్టుకుంటోంది. నీ బిడ్డకు లోపలంతా అద్దంలో బొమ్మలా అటుదిటు, ఇటుదటు."

దానివల్లే చస్తాడా అని మా ఆయన అడిగాడు. అలా ఉన్నవాళ్ళు నిక్షేపంగా బతుకుతారని ఆమె చెప్పింది. కాకపోతే మా వాడి పేగు కూడా సరిగా తిరగక, దాని మీద పొరలు కట్టి బిగించాయట. పాలు కిందికి దిగే దారి లేదు, కోసి ఆ పొరలు విడదీయాలి అంది. బతుకుతాడని మాత్రం మాట ఇవ్వలేదు.

ఆపరేషన్ తరువాత నోటికేమీ పెట్టకుండా సెలైను మీద ఉంచారు. నా పాలు పిండి పారబోసుకుంటూ, పక్క మంచాల తల్లులను చూడలేక బైబిలు తెరిచేదాన్ని. నేను బడి మొహం చూడలేదు, మా నాన్న ఇంట్లోనే ఆ పుస్తకంతోనే నాకు అక్షరాలు నేర్పాడు. స్తుతి ఉన్న కీర్తనలు దాటేసి, మొర ఉన్నవే వెతుక్కునేదాన్ని.

చెంచాతో పోసిన పాలు లోపలే నిలిచిన రోజున మాత్రం దాటేసినవన్నీ వెనక్కి తిప్పి చదువుకున్నాను. ప్రభువుకూ డాక్టరమ్మకూ ఈనాటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

మేం ఇంటికొచ్చేసరికి తోడికోడలి కొడుకు బొద్దుగా, మెడ మీద మడతలు పడి ఉన్నాడు. నా వాడు ఎముకల గూడు. కడుపులో మంట మళ్ళీ రాజుకుంది. కానీ ఊరంతా వచ్చింది మా వాడిని చూడటానికే. వాతలు పెట్టే పెద్దమ్మతో సహా ఒక్కొక్కరే కుడి రొమ్ము మీద చెయ్యి పెట్టి నోరు తెరిచేవారు. అన్ని చేతులు వాడి మీద పడటం నాకు నచ్చేది కాదు.

తోడికోడలు అన్నీ చూసి చూసి అంది. "మావోడి గుండె ఏడుందో చూడ్డానికి ఒక్కళ్ళూ రాలా అక్కా. అందరికీ ఉన్నకాడే ఉందిగా, ఏం చూత్తారు?"

నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నవ్వు లేదు. ఆ చూపు నాకు బాగా తెలిసిందే. నా బిడ్డను ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె వంగి కుడివైపు చెవి ఆనించి వింటూ ఉంది. అంతలో వాడు దొడ్డికి పోయి ఆమె చీరంతా పాడు చేశాడు.

లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, ఆ పాడైన చీర తనే ఉతుక్కుంటానని బావి దగ్గరికి బయలుదేరింది. నేను లాక్కున్నాను. ఇటివ్వక్కా అని అడిగింది, మళ్ళీ అడిగింది. నేను ఇవ్వలేదు.