బావగారి బండి హెడ్డు

మొన్న అక్క మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో, భోజనాల బంతిలో కూర్చుని మా బావగారు నలభై ఏళ్లుగా చెబుతున్న కథే మళ్లీ అందుకున్నారు. బంగారం లాంటి తన బండిని ఈ బావమరిది పాడుచేశాడట! అందరూ ఒకటే నవ్వు. నేను మాత్రం గారె విస్తట్లోనే వదిలేసి లేచాను. మన తరం వాళ్లు గనుక, మీరైనా వినండి.

ఎనభైలలో చిలకలూరిపేట హైవే పక్కన ఓ షెడ్డులో మోటారుసైకిళ్లు బాగుచేసేవాణ్ణి. అంతమంది పనివాళ్లలో షెడ్డు మేస్త్రీ నా ఒక్కడికే హెడ్డు పని ఇచ్చేవాడు. హెడ్డంటే ఇంజను పైభాగం. పెట్రోలూ గాలీ కలిసి లోపలికి పోయే దారీ, పొగ బయటికొచ్చే దారీ అందులోనే ఉంటాయి. గరుగ్గా ఉన్న ఆ దారుల్ని సన్నటి ఆకురాయితో సాపు చేసి, వేపపుల్లకు ఎమరీ కాగితం చుట్టి, వేలితో తడిమి చూసుకుంటూ రెండ్రోజులు నునుపు చేస్తే బండి దౌడు తీసేది. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే పనివాడు అనేవాడు మేస్త్రీ.

బావగారు కొత్తగా నూరు సీసీ బండి కొని, వెనక రెండు మిరపకాయల బస్తాలు కట్టి తిరిగేవారు. బరువుకు గుంజడం లేదని నా దగ్గరికి తెచ్చారు. సాపు చేస్తే చాలన్నాను. వింటేనా! దారి వెడల్పు చెయ్యాల్సిందేనన్నారు. “ఒరేయ్, ముక్కు పెద్దదైతేనే గదా ఊపిరి బాగా ఆడేది!” అని నాకే పాఠం. అలా చేస్తే ఖాళీ బండి పరుగెడుతుందే గాని, బరువుతో నిదానంగా ఎత్తు ఎక్కేటప్పుడు చచ్చుబడుతుందని లక్ష చెప్పాను. ఇంటల్లుడి మాట తీసెయ్యగలమా? కాదంటే అక్కడ అక్క మాటలు పడాలి. ఆయన స్టూలేసుకుని ఎదురుగా కూర్చుంటే, పళ్లు నూరుకుంటూ ఆకురాయి ఆడించాను.

కాలవ కట్ట ఎక్కుతూ బండి ఆగి వెనక్కి జారింది. కాయలన్నీ కాలవపాలు. వెడల్పు చెయ్యమన్న సంగతి మింగేసి, అంతా నా చేతగానితనమని పేటంతా టముకు వేశారాయన! రైతులు నా చేతికి హెడ్డు ఇవ్వొద్దనేసరికి, మేస్త్రీ ఏం చెయ్యలేక నన్ను పంచర్లకు మార్చాడు. అక్క మొహం చూసి నోరు మూసుకున్నాను. ఆ పని మళ్లీ నాకు దక్కలేదు.

ఇప్పటి మెకానిక్కులు హెడ్డు చెడితే కొత్తది బిగించేస్తారు. లోపల దారి ఎలా ఉంటుందో తడిమి చూసినవాడు లేడు. నా మాట నిజమనగల మేస్త్రీ ఎప్పుడో పోయాడు. అక్క కన్నుమూసిన ఏడాదికి, ఇక దాచుకునేదేముందని బావగారి మొహం మీదే అడిగేశాను, వెడల్పు చెయ్యమంది మీరు కాదా అని. “నేనెప్పుడన్నానురా?” అంటూ ఆయన అమాయకంగా చూశారు. బుకాయింపు కాదండీ, మనిషి నిజంగానే మరిచిపోయాడు. ఇంక నా కోపం ఎవరి మీద చూపించుకోను?