వదిలేసిన అధ్యాయం

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. మా బాపు నిర్మల్‌లో లెక్కల సారు. మా వాడకట్టులో ఎవరికైనా పూనకం వస్తే అందరూ దండాలు పెడుతుంటే, ఆయన మాత్రం "జర గాలి ఆడనియ్యుండ్రి, మంచినీళ్లు తాపియ్యుండ్రి" అని కేకలేసేవాడు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఇప్పటికీ ఎవరైనా నా దగ్గర అలాంటి కథ ఎత్తుకుంటే, మధ్యలోనే అడ్డం తగిలి నాలుగు ప్రశ్నలు వేసి వాళ్ల సరదా పాడుచేస్తాను. కాబట్టి ఇది రాస్తుంటే నాకే కాస్త సిగ్గుగా ఉంది.

ఉండేది కరీంనగర్‌లో. పెళ్లయి ఐదేళ్లు. మా ఆయన శీను కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. పగలంతా ఇంట్లో నేనూ మా అత్తమ్మ లచ్చవ్వా. ఆమె పన్నెండో ఏట బీడీలు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు అరవై దాటాయి. "ఇగ చాలియ్యవే అవ్వా" అని కొడుకు ఎంత మొత్తుకున్నా వినదు. చేతులు ఖాళీగా ఉంటే తలకాయ నొస్తుందట.

శీనుకు ఒక అక్క ఉండేది, సుజాత. నేను చూడలేదు. ఆసిఫాబాద్ అవతల పల్లెకు ఇచ్చారు. మొగుడితో పడక రెండుసార్లు తల్లిగారింటికి వచ్చింది. రెండోసారి అత్తమ్మే "ఇగ రాకు, సర్దుకో" అని పంపేసింది. కొన్నాళ్లకు సుజాత బావిలో పడి చనిపోయింది. నీళ్లు చేదబోతే కాలు జారిందని చెప్పారు. ఇదంతా నా పెళ్లికి నాలుగేళ్ల ముందు మాట. అత్తమ్మ ఆమె పేరెత్తదు. ఏడాదికోసారి ఆ తిథినాడు మాత్రం ఫొటో తుడుస్తూ ఒక్క మాట అంటుంది: "నేను రాకు అనకపోతె వస్తుండె."

ఇక నా సంగతి. నేను ఎం.ఏ. ఇంగ్లీషు. పోయిన ఏడాది లెక్చరర్ పరీక్షకు చదివాను. ఉద్యోగం రాలేదు, అది వదిలేయండి. సిలబస్‌లో ఒక పాత ఇంగ్లీషు నవల ఉంది. పేరు రాయను, రాస్తే చదివినవాళ్లు నాతో వాదనకు దిగుతారు. నూటయాభై ఏళ్ల కిందటి కథ. ఒక పేదింటి పిల్ల, పెద్దింట్లో పెళ్లి, అక్కడ పడరాని పాట్లు, చివరికి మంచులో దారిపక్కన చావు. చావు సంగతి గైడు మొదటి పేజీలోనే ఉంది కాబట్టి నేను గుట్టేమీ విప్పడం లేదు.

అంత లావు పుస్తకం చదివే తీరిక లేక ఫోనులో ఆడియో పెట్టుకున్నాను. ఎవరో ఇంగ్లీషావిడ గొంతు, మొత్తం నలభై నాలుగు అధ్యాయాలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, నేను పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తూ ఇయర్‌ఫోన్స్‌లో వినేదాన్ని.

రెండో రోజే అత్తమ్మ అడిగింది. "ఒక్కదానివే ఇంటున్నవేంది? బయటికి పెట్టు, నేను గూడ ఇంట."

"ఇంగ్లీషు అత్తమ్మా."

"ఉంటె ఉండనీ. టీవీ పెడితె కండ్లు గుంజుతయి. గిది చెవులకే గద."

అత్తమ్మ చదివింది మూడో తరగతి, అదీ తెలుగులో. ఆమెకొచ్చిన ఇంగ్లీషు బస్సు, టికెట్టు, ఛార్జింగు. నేను కథ చెప్పలేదు, ఆమె అడగలేదు. అయినా వారం తిరక్కముందే కథలో పడిపోయింది. పెళ్లికొడుకు తల్లి మాట్లాడే చోట "దీని నోట్ల మన్నువడ" అని తిట్టేది. పిల్ల ఏడ్చే చోట చేతులు నెమ్మదించేవి.

నేనేమీ గాభరా పడలేదు. చదివే ఆవిడ గొంతులో అన్నీ పలుకుతున్నాయి. పసిపిల్లలు కూడా మాటలు తెలియకుండానే తిట్టేదో ముద్దేదో గుర్తుపడతారు. బాపుకు ఫోనులో చెబితే ఆయనా అదే అన్నాడు.

పరీక్ష దగ్గరపడింది. ముప్పై ఒకటో అధ్యాయాన్ని గైడు "అంత ముఖ్యం కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అందులో కథేమిటో కూడా రాయలేదు. నాకు కావలసిందీ అదే. దాన్ని వదిలేసి ముప్పై రెండు పెట్టాను.

రెండు నిమిషాలు కూడా కాలేదు, అత్తమ్మ చేతులు ఆగిపోయాయి. నాలుగు దాటింది. కార్ఖానాకు బీడీలు ఒప్పజెప్పాల్సిన వేళ. బీడీలు చేసే ఏ ఇంట్లోనైనా ఆ వేళప్పుడు ఎవరూ చుట్టే మనిషిని పలకరించరు, పలకరించినా తలెత్తరు. ఐదేళ్లలో ఆ సమయంలో అత్తమ్మ చేతులు ఆగడం నేను చూడలేదు.

"నడుమ ఒకటి ఇడిచిపెట్టినవ్," అంది.

"ఏది?"

"పొల్ల తల్లిగారింటికి వచ్చింది గద, గది. పొద్దంత నడిచి మాపటికి వచ్చింది. తల్లి కిటికి కాడ వంగి పని చేసుకుంటున్నది. పొల్ల బయట్నే నిలవడ్డది. చప్పుడైతదని చెప్పులు చేతవట్టుకున్నది. తల్లి తలెత్తలే. బాట మీద పోయేటామె చూసి, లోపలికి పోవే అన్నది. మళ్ల వస్త అని మర్లిపోయింది."

"నువ్వే ఒక కత అల్లుతున్నవ్ అత్తమ్మా," అని నవ్వాను. ఆమె నవ్వలేదు. మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

ఆమె బీడీలు ఒప్పజెప్పడానికి వెళ్లాక ఫోను తీసి చూశాను. విన్న అధ్యాయాలన్నిటికీ టిక్కు పడి ఉంది. ముప్పై ఒకటికి లేదు. అసలు అది ఫోనులోకి దిగనే లేదు, అప్పుడు దించుకోవలసి వచ్చింది. వంటింట్లో నిలబడి విన్నాను. సగం దాకా వకీళ్ల ఉత్తరాల గొడవే. నాకు హాయిగా అనిపించింది, అత్తమ్మ ఊహ అని తేలిపోయిందనుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల నడవడం మొదలుపెట్టింది. పొద్దు గూకే వేళకు పుట్టింటికి చేరింది. తల్లి కిటికీ పక్కన వంగి చొక్కాలు కుడుతోంది. పిల్ల బయటే నిలబడింది. తల్లి తలెత్తలేదు. పిల్ల కిటికీలోంచి తల్లిని కడుపునిండా చూసుకుని, తలుపు తట్టకుండానే తిరిగి వెళ్లిపోయింది.

నా చేతిలో పప్పు గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మూడుసార్లు విన్నాను. చెప్పుల మాట ఎక్కడా లేదు. దారిన పోయే మనిషీ లేదు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ రెండు తప్పుల్నీ పట్టుకున్నాను. అత్తమ్మ సగం ఊహించింది, ఆ సగం ఎట్లాగో కలిసింది, అంతే అనుకుని పప్పు పొయ్యి మీద పెట్టాను.

రాత్రి అత్తమ్మను అడిగాను, నీకెట్లా తెలుసు అని. "ఫోన్ల ఆమెనే చెప్పింది గద, నువ్వు ఇనలేదా?" అని నన్నే ఎదురు అడిగింది.

మా ఎదురింట్లో షమీమ్ ఆంటీ ఉంటుంది. ఆమెవీ బీడీలే, అత్తమ్మకు చిన్ననాటి నుంచి జత. రెండు రోజుల తర్వాత ఆంటీ ఒక్కతే దొరికితే, అత్తమ్మ ఇంగ్లీషు కథ గురించి నవ్వులాటగా చెప్పాను. చెప్పులు చేతిలో పట్టుకుంది అనే దగ్గరికి వచ్చేసరికి ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"నీకెవలు చెప్పిండ్రు?"

"అత్తమ్మనే."

ఆంటీ మా ఇంటి వైపు ఒకసారి చూసి, నన్ను గడప మీద కూర్చోబెట్టింది. తర్వాత చెప్పింది. "సుజాత వచ్చింది బిడ్డా. సచ్చిపోయే ముందటి దినం. దవాఖానకు పోతున్నని అత్తగారింట్ల చెప్పి వచ్చిందంట. నేను బీడీలు ఒప్పజెప్పి వస్తున్న. మీ గేటు కాడ చెప్పులు చేతవట్టుకొని నిలవడ్డది. లోపలికి పోవే అంటె, అవ్వ పనిల ఉంటది, మళ్ల వస్త అన్నది. పెద్దపల్లిల రైలున్నదని ఉరికింది. మూడో దినం కబురొచ్చె. గా ముచ్చట నీ అత్తకు ఏ మొకం పెట్టుకొని చెప్పాలె? ఖుదా కసమ్, గీ నోట్లకెళ్లి ఎవ్వలకు బయటపడలే."

ఆ రోజు నుంచి నా బుర్ర పనిచేయడం మానేసింది. పుస్తకంలో ఉన్నదాన్ని అత్తమ్మ వినలేదు. విన్నా ఆమెకు అర్థం కాదు. పుస్తకంలో లేనిది నిజంగా జరిగింది, కానీ అది షమీమ్ ఆంటీకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రెండూ కలిసి ఒకే కథలా అత్తమ్మ నోట ఎట్లా వచ్చాయి? ఆంటీ ఎప్పుడో నోరు జారి మరిచిపోయిందనుకుంటే పుస్తకం సంగతి మిగులుతుంది. పుస్తకం కాకతాళీయంగా కలిసిందనుకుంటే చెప్పులు మిగులుతాయి. పొట్టి దుప్పటి కప్పుకున్నట్టు, తల కప్పితే కాళ్లు బయటపడుతున్నాయి.

బాపుకు చెప్పాను. మొదటి నుంచి ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. "కాకతాళీయమే," అన్నాడు. కానీ ఎప్పటిలా గట్టిగా అనలేదు.

అత్తమ్మకు చెప్పాలా వద్దా అనేది ఇంకో నరకం. బిడ్డ రాలేదని ఇన్నేళ్లూ కుమిలిన మనిషికి, వచ్చింది, నువ్వు తలెత్తలేదు అని ఎట్లా చెప్పడం? చెప్పకుండా ఆమె పక్కన కూర్చుని ఆకు కత్తిరించడమూ నా వల్ల కాలేదు. వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం షమీమ్ ఆంటీయే వచ్చి, అత్తమ్మ ముందు కూర్చుని, ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. "నన్ను మాఫ్ చెయ్యి లచ్చవ్వా," అంది.

అత్తమ్మ బీడీ చుడుతూనే విన్నది. ఆశ్చర్యపోలేదు, ఆంటీని ఒక్క మాటా అనలేదు. ఛాయ్ పెట్టమని నాకు చెప్పింది. ఆంటీ ఛాయ్ తాగి వెళ్లిపోయింది.

అప్పుడు చాట పక్కన పెట్టి నన్ను అడిగింది. "బిడ్డా, నన్ను చూసిందా అది? మంచిగ చూసే పోయిందా?"

"చూసింది అత్తమ్మా. కడుపునిండ చూసుకొనే పోయింది," అన్నాను.

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఈ ఇంటికి వచ్చాక ఆమె అట్లా ఏడవడం అదే మొదలు. ఏడ్చాక లేచి మొహం కడుక్కుంది. ఆ రాత్రి రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకుంది.

షమీమ్ ఆంటీ ఆ మాట చెప్పలేదు. సుజాత తల్లిని చూసిందో లేదో ఆంటీకి తెలియదు. చూసింది పుస్తకంలో పిల్ల. ఆ మాట నా నోటికి ఎట్లా వచ్చిందో, అబద్ధం చెప్పానో నిజం చెప్పానో ఇప్పటికీ నాకు తెలియడం లేదు. చెప్పేటప్పుడు మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు.